కాలి బొటనవేలి పక్క గుంట: తైచోంగ్ బిందువును ఎందుకు నొక్కుతారు, ఎంతవరకు నమ్మాలి

అక్యుప్రెషర్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది అరికాలే. బొడిపెలున్న చెప్పులు, చెక్క రోలర్, గోడకు వేలాడే రంగుల పాదం బొమ్మ, అందులో మడమ దగ్గర ఒక అవయవం, వేళ్ల కింద ఇంకో అవయవం. చైనా సంప్రదాయ వైద్యంలో పాదానికి సంబంధించి ఎక్కువగా వాడే బిందువుల్లో ఒకటి మాత్రం అసలు అరికాల్లో లేదు. పాదం పైభాగాన, బొటనవేలికీ దాని పక్కవేలికీ మధ్య సందులోంచి చీలమండ వైపు వెళ్తుంటే తగిలే గుంటలో ఉంది. పేరు తైచోంగ్. మన దగ్గర అక్యుపంక్చర్ నేర్చుకున్నవాళ్లు లివర్-3 అంటారు.

తలనొప్పికి అదే, కోపానికి అదే, బీపీకి అదే, నెలసరి నొప్పికి అదే, నిద్ర పట్టకపోయినా అదే. ఇన్నింటికి ఒకే గుంటను చూపిస్తుంటే అనుమానం రావడం సహజం, రావాలి కూడా. అలాగని మొత్తం గాలి కబుర్లని కొట్టిపారేయడం కూడా తొందరపాటే. ఈ బిందువు చుట్టూ నిజంగా పాతదైన ఒక వైద్య ఆలోచన ఉంది, కొంచెం పరీక్షల ఫలితాలు ఉన్నాయి, ఆ రెండింటితో ఏ సంబంధమూ లేని వాట్సాప్ సరుకు బోలెడంత ఉంది. ఈ మూడింటినీ కలిపేసి చూడటం వల్లే కొందరు గుడ్డిగా నమ్ముతున్నారు, కొందరు గుడ్డిగా నవ్వుతున్నారు.

ముందు ఆ గోడ బొమ్మ సంగతి తేల్చేద్దాం. అరికాల్లో ఒక్కో చోట ఒక్కో అవయవాన్ని చూపించే మ్యాప్ చైనాది కాదు, అమెరికాది. విలియం ఫిట్జ్‌గెరాల్డ్ అనే చెవి-ముక్కు-గొంతు డాక్టర్ శరీరాన్ని నిలువుగా పది మండలాలుగా విడగొట్టి 1917లో పుస్తకం వేశాడు. 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు దాన్ని పాదాల మీదికి దించి, ఇవాళ మనం చూసే మ్యాప్‌కి రూపం ఇచ్చింది. దాన్ని రిఫ్లెక్సాలజీ అంటారు. చైనా పద్ధతిలో పాదం శరీరానికి నమూనా కాదు, శక్తి మార్గాలు మొదలయ్యే లేదా ముగిసే చోటు. ‘చీ’ అనే ప్రాణశక్తి ప్రవహిస్తుందని వాళ్లు చెప్పే పన్నెండు ప్రధాన మార్గాల్లో ఆరు కాళ్ల గుండా వెళ్తాయి. జీర్ణాశయ మార్గం రెండో వేలి దగ్గర ముగుస్తుంది, పిత్తాశయానిది నాలుగో వేలి దగ్గర, మూత్రాశయానిది చిటికెన వేలి దగ్గర. ప్లీహం, కాలేయం మార్గాలు బొటనవేలి రెండు పక్కల నుంచి బయలుదేరతాయి. మూత్రపిండాల మార్గం ఒక్కటే అరికాల్ని తాకుతుంది. వేళ్లు ముడిచినప్పుడు అరికాల్లో పడే గుంట దగ్గర దాని మొదటి బిందువు యోంగ్‌చ్వాన్ ఉంటుంది. అంటే అసలు చైనా లెక్కలో అరికాలి మధ్య ఉన్న బిందువు ఒక్కటే. మిగతా రంగులన్నీ తర్వాత అమెరికాలో పూసినవి. రోలర్ మీద కాళ్లు ఆడిస్తే హాయిగానే ఉంటుంది, ఆ హాయికి ఐదువేల ఏళ్ల చైనా విజ్ఞానం అని పేరు పెట్టడంతోనే పేచీ.

తైచోంగ్‌ను పట్టుకోవడం కష్టమేమీ కాదు. కుర్చీలో కూర్చుని ఒక పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకోవాలి, లేదా నేల మీదే కాలు మడుచుకుని కూర్చున్నా సరిపోతుంది. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య చర్మం కలిసే అంచు మీద చూపుడువేలు పెట్టి, రెండు పొడవాటి ఎముకల మధ్య ఉన్న గాడిలో మెల్లగా పైకి, అంటే చీలమండ వైపు జరపాలి. వేలు ఒకచోట ఇక ముందుకు కదలదు, రెండు ఎముకల మొదళ్లు కలుసుకునే గట్టి చోటు అది. అక్కడినుంచి పిసరంత వెనక్కి, వేళ్ల వైపు వస్తే మెత్తగా దిగబడే గుంట తగులుతుంది. నొక్కితే మామూలు చర్మం మీద నొక్కినట్టు కాకుండా లోపలికి సలిపినట్టు, బరువుగా లాగినట్టు ఉంటుంది. వేలు గట్టిగా అదమకుండా తేలిగ్గా ఆనించి ఉంచితే కొందరిలో నాడి కొట్టుకోవడం కూడా తెలుస్తుంది. పాదం పైభాగానికి రక్తం తెచ్చే ధమని అక్కడికి దగ్గర్లోనే ఎముకల మధ్యకు దిగుతుంది. కాలి ముందు భాగం నుంచి వచ్చే లోతైన నరం కూడా అక్కడే ఉంది. ఆ నరం చర్మ స్పర్శ ఇచ్చేది మొత్తం పాదంలో ఈ రెండు వేళ్ల మధ్య చిన్న ముక్కకే. కాబట్టి అక్కడ నొక్కితే ఏదో జివ్వుమనడంలో మాయ ఏమీ లేదు.

పాత చైనా గ్రంథాలు ఈ చోటును ‘త్సున్’ అనే కొలతలో చెబుతాయి. ఒక త్సున్ అంటే ఇన్ని సెంటీమీటర్లని కాదు, ఎవరి బొటనవేలి వెడల్పు వాళ్లకు ఒక త్సున్. మనిషిని బట్టి కొలత మారుతుంది కాబట్టి పొడుగువాళ్లకీ పొట్టివాళ్లకీ ఒకే సూత్రం పనిచేస్తుంది, ఇది తెలివైన ఏర్పాటే. అయినా తైచోంగ్ విషయంలో పాత పుస్తకాల్లోనే రెండు త్సున్‌లు అని ఒక మాట, ఒకటిన్నర అని ఇంకో మాట కనిపిస్తాయి. ఇలాంటి తేడాలు చాలా బిందువులకు ఉండటంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ చైనా, జపాన్, కొరియా నిపుణుల్ని కూర్చోబెట్టి చర్చలు జరిపించి, 361 బిందువుల స్థానాలతో 2008లో ఒక ప్రామాణిక పుస్తకం తెచ్చింది. అందులో తైచోంగ్‌కి కొలత కన్నా శరీర నిర్మాణమే గుర్తుగా ఇచ్చారు: మొదటి, రెండో పాదాస్థుల మొదళ్లు కలిసేచోటికి ముందున్న గుంట, ధమని మీద. స్థానం ఏకాభిప్రాయంతో తేలిందంటే ఆ బిందువు పనిచేస్తుందని ఆ సంస్థ సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు, అక్యుపంక్చర్ ప్రకటనల్లో ఈ రెండూ ఒకటే అన్నట్టు రాసేస్తుంటారు.

ఇక అసలు ప్రశ్న, ఈ గుంటను కాలేయానికి ఎందుకు కట్టారు? చైనా వైద్యంలో కాలేయం అంటే కుడిపక్క డొక్క కింద ఉండే కిలోన్నర అవయవం మాత్రమే కాదు. అది ఒక పనుల మూట. చీ ఎక్కడా అడ్డుపడకుండా సాఫీగా కదిలేలా చూడటం, రక్తాన్ని దాచి అవసరమైనప్పుడు వదలడం, కళ్లకు, స్నాయువులకు పోషణ ఇవ్వడం, నెలసరిని క్రమంలో పెట్టడం. దానికి జత చేసిన భావం కోపం, ఋతువు వసంతం, మూలకం కలప. మనిషి లోపల్లోపల కుతకుతలాడుతూ బయటికి చెప్పుకోలేక ఉంటే కాలేయపు చీ గడ్డకట్టిందంటారు. అదే పొంగి తలకెక్కితే కణతల్లో పోటు, కళ్లు ఎర్రబడటం, తల తిరగడం, చెవుల్లో హోరు, ఊరికే విసుక్కోవడం వస్తాయంటారు. మార్గం బొటనవేలి నుంచి మొదలై కాలి లోపలి వైపుగా పైకెక్కి, జననాంగాల చుట్టూ తిరిగి, పొత్తికడుపు, పక్కటెముకల మీదుగా గొంతు వెనకనుంచి కళ్లకు, నడినెత్తికి చేరుతుంది. పైకి పొంగినదాన్ని కిందికి దించాలంటే మార్గానికి కింది చివర పట్టుకోవాలన్నది వాళ్ల తర్కం. ఇప్పుడు ఆ జాబితా మళ్లీ చూస్తే, తలనొప్పి, కోపం, బీపీ, నెలసరి, నిద్ర, అన్నీ ఈ ఒక్క మార్గం మీద వరసగా కూర్చున్నాయి. ఎవరో కూర్చుని ఇష్టమొచ్చినట్టు రాసిన జాబితా కాదు, ఒక సిద్ధాంతం లోంచి వచ్చిన జాబితా. సిద్ధాంతం నిజమా కాదా అన్నది వేరే సంగతి.

దీనివల్ల వెంటనే తేలే విషయం ఒకటుంది. స్కానింగ్ రిపోర్టులో ఫ్యాటీ లివర్ అని వచ్చిందనో, కామెర్లు వచ్చాయనో, రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ పెరిగిందనో తైచోంగ్‌ను నొక్కుకుంటూ కూర్చోవద్దు, చైనా వైద్యం చెప్పే కాలేయం ఆ రిపోర్టులోని అవయవంతో ఒకటి కాదు. లివర్-3 అనే నంబరు చూసి లివర్ డీటాక్స్ పాయింట్ అని వీడియోలు చేసేవాళ్లు చైనా వైద్యం పేరు చెప్పి చైనా వైద్యాన్ని కూడా చదవనివాళ్లు. చైనాలో ఆరోగ్య పత్రికలు, టీవీ కార్యక్రమాలు దీన్ని కోపం దించే బిందువుగానే ఎక్కువగా పరిచయం చేస్తాయి. రాత్రి గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకోవడం అక్కడ పాత అలవాటు, ఆ తర్వాత కాళ్లు తుడుచుకుంటూ ఇక్కడ నాలుగు నిమిషాలు రుద్దుకుంటారు.

ఈ బిందువు ఎంత పాతది? 1973లో చైనాలోని మావాంగ్‌దుయ్‌లో తవ్విన మూడో సమాధి క్రీ.పూ. 168లో మూసినది. అందులో దొరికిన పట్టు గుడ్డల మీది వైద్య రాతల్లో మార్గాలు ఉన్నాయి, అదీ పదకొండే, కానీ పేరున్న బిందువులు లేవు. మార్గం మీద వాత పెట్టమని ఉంటుంది తప్ప ఫలానా గుంటలో సూది గుచ్చమని ఉండదు. అంటే ముందు మార్గాలు, తర్వాత బిందువులు. హాన్ వంశపు కాలానికి చెందిన లింగ్‌షూ గ్రంథానికి వచ్చేసరికి తైచోంగ్ పేరు, చోటు, హోదా మూడూ స్థిరపడ్డాయి: కాలేయానికి అది మూల బిందువు, అవయవానికి జబ్బు చేస్తే మొదట పట్టుకోవాల్సిన చోటు. ఆసక్తికరమైన సంగతేంటంటే అప్పట్లో దీన్ని నొక్కడం, గుచ్చడం మాత్రమే కాదు, నాడి చూడటానికీ వాడేవారు. తైచోంగ్ దగ్గర నాడి ఆగిపోతే రోగి ఇక బతకడన్న మాట సూవెన్ అనే పాత చైనా వైద్య గ్రంథంలో ఉంది. ఇవాళ షుగర్ పేషెంటు కాలు చూసే డాక్టరు పాదం పైన ఆ చుట్టుపక్కలే వేళ్లు పెట్టి రక్తం పారుతోందా లేదా అని చూస్తాడు. సిద్ధాంతాలు వేరైనా వేలు పెట్టే చోటు దాదాపు అదే.

సాంగ్ వంశం కాలంలో వాంగ్ వేయీ అనే రాజవైద్యుడు 1027లో రెండు కంచు మనుషుల్ని పోత పోయించాడు. నిలువెత్తు బొమ్మలు, బిందువులున్న ప్రతిచోటా రంధ్రం. పరీక్ష రోజున బొమ్మకు పైన మైనం పూసి, లోపల ద్రవం నింపేవారని చెబుతారు. విద్యార్థి చెప్పిన చోట సూది దింపితే ద్రవం కారాలి, కారకపోతే తప్పాడన్నమాట. సరైన చోటు అన్నదానికి అక్కడ ఎంత విలువ ఇచ్చారో దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆధునిక పరీక్షలు దెబ్బకొట్టింది సరిగ్గా ఇక్కడే. చైనాలో కూడా ఈ విద్యకు ఎప్పుడూ పూలబాటే లేదు. 1822లో దావోగ్వాంగ్ చక్రవర్తి రాజవైద్య సంస్థలో అక్యుపంక్చర్‌ను ఆపేయించాడు, 1929లో ఏకంగా సంప్రదాయ వైద్యాన్నే రద్దు చేయాలన్న ప్రతిపాదన ప్రభుత్వం ముందుకొచ్చి వైద్యుల ఆందోళనతో ఆగింది. ఇవాళ మనం చూసే క్రమబద్ధమైన రూపం చాలావరకు 1950ల తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం కాలేజీలు పెట్టి, పాఠ్యపుస్తకాలు రాయించి తయారుచేసింది. భారత్‌కు ఇది వచ్చిన దారి కూడా అదే. 1938లో చైనాలో యుద్ధ క్షతగాత్రులకు వైద్యం చేయడానికి డాక్టర్ కోట్నీస్‌తో పాటు వెళ్లిన భారత వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు, 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి అక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు.

మన దగ్గర ఈ చోటుకి ఇంకో పేరు ఎప్పుడో ఉంది. సుశ్రుత సంహితలో చెప్పిన 107 మర్మాల్లో క్షిప్రం అనేది సరిగ్గా బొటనవేలికీ పక్కవేలికీ మధ్యే ఉంటుంది. అయితే సుశ్రుతుడు దాన్ని నొక్కమని చెప్పలేదు, అక్కడ గాయమైతే ఈడ్పులు వచ్చి మనిషి చనిపోవచ్చని హెచ్చరించాడు. శస్త్రచికిత్స చేసేవాడు కత్తి ఎక్కడ పెట్టకూడదో చెప్పే జాబితా అది. పాదానికి మట్టిలో గాయాలై ధనుర్వాతం వచ్చే రోజుల్లో ఆ హెచ్చరికకు మంచి కారణమే ఉండి ఉండొచ్చు. ఈ మధ్య మర్మ చికిత్స పేరుతో దాన్నీ తైచోంగ్‌నూ ఒకటి చేసి, చైనావాళ్లు మన దగ్గరే నేర్చుకున్నారని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. చోటు కలిసింది, ఉద్దేశం కలవలేదు. రెండు ఎముకల మధ్య గుంట, అందులో నాడి, నరం ఉంటే శరీరాన్ని శ్రద్ధగా తడిమి చూసిన ఎవరికైనా అది కనిపిస్తుంది, దానికి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోనక్కర్లేదు.

మెట్టెల సంగతి కూడా ఇక్కడే. మెట్టె పెట్టుకునే వేలికి గర్భాశయానికి నరం ఉంది, అది అక్యుప్రెషర్ అని పెళ్లిళ్ల సీజన్లో ప్రతి గ్రూపులోనూ తిరుగుతుంది. మెట్టెలు పెట్టుకునేది రెండో వేలికి. చైనా లెక్కలో రెండో వేలు జీర్ణాశయానిది. నెలసరితో, పొత్తికడుపుతో సంబంధం ఉందని వాళ్లు చెప్పే మార్గాలు బొటనవేలివి, కడుపులో బిడ్డ స్థితితో సంబంధం ఉందనేది చిటికెన వేలి బిందువు. మెట్టెలు పెట్టుకోవడానికి పెళ్లి, ఆచారం, ఇష్టం, అందం చాలినంత కారణాలు, వాటికి చైనా సర్టిఫికెట్ తగిలించాల్సిన పనిలేదు, తగిలించినా ఆ సర్టిఫికెట్ వేరే వేలి పేరు మీద ఉంది.

చిటికెన వేలి కథ చెప్పకుండా పరీక్షల గురించి మాట్లాడలేం. చిటికెన వేలి గోరు బయటి మూల దగ్గర జియిన్ అనే బిందువు ఉంది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్న గర్భిణులకు అక్కడ మాచిపత్రి జాతి మూలికతో చేసిన కడ్డీ వెలిగించి వెచ్చదనం తగిలించడం పాత పద్ధతి. 1998లో చైనాలో 260 మంది తొలిచూలు గర్భిణులతో చేసిన పరీక్షలో, 35వ వారానికి బిడ్డ తల కిందికి తిరిగినవాళ్లు ఆ చికిత్స తీసుకున్నవారిలో 75 శాతం, తీసుకోనివారిలో 48 శాతం. పెద్ద అమెరికన్ వైద్య పత్రికలో వచ్చింది, అందరూ ఉలిక్కిపడ్డారు. అదే పరిశోధకుడు ఇటలీలో మళ్లీ చేస్తే, పొగ వాసన పడక, వికారం, కడుపునొప్పి అంటూ చాలామంది మానేయడంతో 123 మంది దగ్గరే ఆగిపోయింది, వచ్చిన ఫలితం 34 శాతం, 36 శాతం. తేడా లేదు. అదే 1998లో ఇంకో సంచలనం: చిటికెన వేలి పక్క బిందువును ప్రేరేపిస్తే మెదడులో చూపుకు సంబంధించిన భాగం వెలుగుతోందని ఎంఆర్ఐ చిత్రాలతో అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో ఒక పేపర్ వచ్చింది. పాతవాళ్లు ఆ బిందువును కళ్లకు వాడేవారు కాబట్టి ఇదిగో రుజువు అని ఊరూవాడా చెప్పుకున్నారు. 2006లో ఆ పేపర్ రాసినవాళ్లలో చాలామంది తామే దాన్ని వెనక్కి తీసుకున్నారు, ఫలానా బిందువుకే ఫలానా ఫలితం అన్న నిర్ధారణ నిలబడట్లేదన్నారు. మొదటి పేపర్ మన వీడియోల్లో ఇంకా బతికే ఉంది, వెనక్కి తీసుకున్న సంగతి ఎక్కడా వినపడదు.

తైచోంగ్ విషయంలో ఎక్కువగా చెప్పుకునేది బీపీ. అమెరికాలో 192 మందితో చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో రోగిని బట్టి ఎంచుకున్న బిందువుల్లో సూదులు కొందరికి, అందరికీ ఒకే బిందువులు కొందరికి, సంబంధం లేని చోట్ల సూదులు ఇంకొందరికి పెట్టారు. పది వారాల తర్వాత పై బీపీ అసలు బిందువులవాళ్లకు సగటున 3.6 తగ్గితే, సంబంధం లేని చోట్ల గుచ్చినవాళ్లకు 3.8 తగ్గింది. మరుసటి ఏడాది జర్మనీ నుంచి వచ్చిన 160 మంది పరీక్షలో మాత్రం ఆరు వారాల చికిత్స తర్వాత రోజంతా కొలిచిన పై బీపీ 5.4, కింది బీపీ 3 దాకా దిగింది, సూదులు ఆపాక కొన్ని నెలల్లో మళ్లీ మొదటికొచ్చింది. ఇవి రెండూ శిక్షణ ఉన్నవాళ్లు చేసిన సూదుల చికిత్స, చాలా బిందువులు కలిపి. ఇంట్లో టీవీ చూస్తూ ఒక్క గుంటను బొటనవేలితో నొక్కితే అంతకన్నా గొప్పగా జరుగుతుందని అనుకోవడానికి ఆధారం ఏమీ లేదు.

ఇంట్లో చేసుకునే పరీక్షలో ఒక మోసం కూడా ఉంది. ఆఫీసు నుంచి వచ్చి టెన్షన్‌గా ఉన్నప్పుడు మెషిన్ పెట్టి చూస్తే 150, పది నిమిషాలు కూర్చుని పాదం నొక్కుకుని మళ్లీ చూస్తే 138. చూశావా, పనిచేసింది అంటారు. ఏ నొక్కుడూ లేకుండా పది నిమిషాలు నోరు మూసుకుని, కాళ్లు నేలకు ఆనించి కూర్చున్నా ఆ అంకె దిగుతుంది, డాక్టర్లు బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కూర్చోమనేది అందుకే. నిజంగా తెలుసుకోవాలంటే నొక్కకముందు కూడా అలాగే కూర్చుని, ఆ తర్వాతే మొదటి అంకె రాసుకోవాలి. అలా చేస్తే చాలామందికి అద్భుతం మాయమైపోతుంది. ఈలోగా మాత్ర ఆపేస్తే మాత్రం నష్టం నిజంగానే జరుగుతుంది, అదీ చప్పుడు చేయకుండా.

నెలసరి నొప్పి దగ్గర పరిస్థితి కాస్త మెరుగు. ఇరాన్‌లో విద్యార్థినులతో సరిగ్గా ఈ బిందువునే నొక్కించి చేసిన పరీక్ష 2010లో వచ్చింది, వేరేచోట నొక్కినవాళ్లతో పోలిస్తే నొప్పి తగ్గిందన్నారు. కానీ ఇలాంటివన్నీ కలిపి, సూదులు, నొక్కుడు రెండూ చేరిన 42 పరీక్షల్ని 2016లో కాక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాల్ని కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష తూకం వేసినప్పుడు, పనిచేస్తుందనో చేయదనో గట్టిగా చెప్పేంత నాణ్యత వాటికి లేదని తేల్చింది. వేరేచోట నొక్కించుకున్న అమ్మాయికి తనది ఉత్తుత్తి బిందువని తెలియకుండా చూడటం అంత తేలిక కాదు, నొక్కే మనిషికి అసలు దాచలేం. అయినా నొప్పితో ముడుచుకుపోయి ఉన్నప్పుడు ఎవరైనా పక్కన కూర్చుని కాళ్లు పడితే ఉపశమనంగా ఉంటుందన్న మాటను ఎవరూ కాదనరు. అందులో బిందువు వాటా ఎంత, ఆ చేతి వాటా ఎంత అన్నదే తేలని లెక్క. అక్యుప్రెషర్ మొత్తంలో చెప్పుకోదగ్గ ఆధారం ఉన్న చోటు అడిగితే అది కాల్లో లేదు, మణికట్టుకు లోపలి వైపు మూడు వేళ్ల దూరంలో ఉన్న నేయ్‌గ్వాన్. ఆపరేషన్ తర్వాత వికారం, వాంతుల మీద 59 పరీక్షలతో 2015లో వచ్చిన సమీక్షలో అది ఉత్తుత్తి చికిత్స కన్నా మెరుగ్గా తేలింది. మంచి ఆధారం ఎలా ఉంటుందో తెలియడానికి ఇది పనికొస్తుంది, తైచోంగ్‌కి అలాంటిది ఇంకా లేదు.

మరి నొక్కడం దండగా? టెన్షన్ తలనొప్పి, చిరాకు, పడుకున్నా మెదడు ఆగకపోవడం లాంటివాటికి ప్రయత్నించడంలో తప్పేం లేదు. ఖర్చు లేదు, పరికరం లేదు. కంచు బొమ్మ రంధ్రమంత కచ్చితంగా తగలకపోయినా పెద్ద తేడా ఉండదనే పరీక్షలు సూచిస్తున్నాయి కాబట్టి సరైన చోటు దొరికిందా లేదా అని కంగారు పడక్కర్లేదు. బొటనవేలి మెత్తటి భాగంతో గానీ, చూపుడువేలు మడిచి కణుపుతో గానీ నెమ్మదిగా బరువు పెంచుతూ నొక్కాలి. సలుపుగా, బరువుగా అనిపించేదాకా సరే, చురుక్కుమని కాలు లాక్కునేలా ఉంటే ఎక్కువైనట్టే. ఊపిరి మెల్లగా వదులుతూ అలాగే ఉంచి, వదిలి, మళ్లీ. ఒక్కో పాదానికి రెండు మూడు నిమిషాలు చాలు. చైనాలో కొందరు ఆ గుంట నుంచి వేళ్ల సందు వైపు, అంటే కిందికి జారుస్తూ రుద్దుతారు, పైకి పొంగినది దిగాలని. దీంతోపాటు చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద ఉండే హెగూ బిందువును కూడా కలిపి నాలుగు ద్వారాలు అంటారు, రెండు చేతులవీ రెండు కాళ్లవీ కలిపి. గోళ్లు కత్తిరించుకోవడం మరిచిపోవద్దు, పాదం పైన చర్మం పలచన, గోటి గాట్లు తేలిగ్గా పడతాయి. పెన్ను మూత, తాళం చెవి, చెక్క పుల్ల లాంటివాటితో పొడవడం అసలు వద్దు.

కొందరు మాత్రం దీని జోలికి పోకుండా ఉండటం మంచిది, వాళ్లలో మొదట చెప్పాల్సింది షుగర్ ఉన్నవాళ్ల గురించి. మన రెండు రాష్ట్రాల్లో షుగర్ లేని ఇల్లు వెతుక్కోవాలి, అక్యుప్రెషర్ చెప్పులు ఎక్కువగా కొనేది కూడా ఆ ఇళ్లలోనే. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, ఎంత గట్టిగా నొక్కుతున్నారో తెలియదు, చర్మం లేచినా తెలియదు, పుండు పడ్డాక మానదు. వాళ్లకు బొడిపెల చెప్పులు, వేడినీళ్లు, గట్టి రోలర్లు మూడూ ప్రమాదమే. దెబ్బ తగిలిన గుర్తు లేకుండా ఒక పాదం వాచి, రెండోదానికన్నా వెచ్చగా, ఎర్రగా ఉండి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే అది మసాజ్‌తో పోయే వాపు కాకపోవచ్చు. లోపల ఎముకలు కీళ్లు దెబ్బతింటున్న షార్కో పాదం అలాగే మొదలవుతుంది. దాని మీద బరువు పెట్టకుండా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. పిక్క ఒకటి గట్టిగా వాచి నొప్పిగా ఉన్నా అంతే, రక్తం గడ్డ ఉంటే పిసకడం మంచిది కాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు తేలిగ్గా కమిలిపోతుంది. బొటనవేలి మొదట్లో రాత్రికి రాత్రి నిప్పులా మండే నొప్పి వస్తే అది యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే గౌట్ కావచ్చు, దాని పక్కనే నొక్కుకుంటూ కూర్చుంటే నరకం. గర్భిణుల విషయంలో చైనా వైద్యులే హెగూ, చీలమండ పైనుండే సాన్‌యిన్‌జియావో బిందువుల్ని నిషేధంగా చూస్తారు, కొందరు తైచోంగ్‌ను గట్టిగా నొక్కడానికీ ఒప్పుకోరు. నొక్కితే కాన్పు మొదలవుతుందన్నదానికి ఆధారాలు బలహీనమే అయినా, తప్పించుకునే వీలున్నప్పుడు తప్పించుకోవడమే మేలు.

ఒక రకం తలనొప్పికి మాత్రం ఏ బిందువూ వద్దు. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చింది, మాట తడబడుతోంది, ముఖం ఒకపక్కకు లాగుతోంది, ఒక చెయ్యి బలహీనంగా ఉంది, లేదా జ్వరంతో మెడ బిగుసుకుపోయింది అంటే పాదం వదిలేసి 108కి ఫోన్ చేయాలి. పక్షవాతం వచ్చినప్పుడు వేళ్ల కొసలు గుచ్చి రక్తం తీస్తే తగ్గుతుందనే చైనా పేరున్న మెసేజ్ ఒకటి ఇప్పటికీ తిరుగుతోంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉండే గడువు లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి నాలుగున్నర గంటలు, సూది కోసం వెతుకుతూ ఇంట్లో గడిపే ప్రతి నిమిషం అందులోంచే పోతుంది.